తొమ్మిది మూగ మెట్లు

మా వయసు ఆడవాళ్ళు నలుగురు చేరి, చిన్నప్పుడు పియానో నేర్చుకున్నామని మొదలుపెడితే నేను అక్కణ్ణించి లేచి వచ్చేస్తాను. అందరిదీ ఒకటే కథ. కాన్వెంటు, నేలకి రాసిన మైనం వాసన, తెల్ల బట్టల మదర్, వేళ్ళ మీద స్కేలు దెబ్బ, కళ్ళలో నీళ్ళు. ఇప్పుడు కూర్చోబెడితే ఒక్కరికీ కుడిచేత్తో నాలుగు స్వరాలు పలికించడం రాదు, కానీ ఆ స్కేలు దెబ్బని మాత్రం మెడలో పతకంలా వేసుకు తిరుగుతారు. నేనూ ఆ బాపతే కనక వాళ్ళ మాటల్లో గింజ ఎంతో పొట్టు ఎంతో నాకు తెలుసు.

ఈ ప్రసక్తి ఇప్పుడెందుకంటే, పోయిన నెల ఇక్కడ మలేషియాలో, ఇపో ఊళ్ళో మా ఇంటికి చెద పట్టింది. మందు కొట్టే కుర్రాళ్ళు వచ్చి వెనకగది మొత్తం ఖాళీ చెయ్యమన్నారు. ఎనభై ఏళ్ళదాన్ని బీరువా జరపమని, పైగా "ఫైవ్ మినిట్స్ లా ఆంటీ" అని, ఈ దేశంలో ప్రతి మాట చివరా తగిలించే ఆ లా తో సహా, భరోసా ఒకటి. మంచం కిందనుంచి అమ్మ రేకు పెట్టె బయటపడింది. అమ్మ పోయినప్పుడు మా తమ్ముడు ఎస్టేటునుంచి తెచ్చి పడేసిన పెట్టె అది. తాళంచెవి లేదని ఇన్నేళ్ళూ తెరవలేదు. నిజం చెప్పాలంటే తాళంచెవి లేకపోవడం నాకు అనుకూలంగానే ఉండేది. ఆ కుర్రాళ్ళలో ఒకడు నన్నడక్కుండానే తాళం పీకేసి, లోపల కూడా కొట్టాలి ఆంటీ అన్నాడు. కర్పూరపు ఉండల వాసన, నాన్న తెల్ల డ్రిల్లు ప్యాంటు, అడుగున నా పియానో పుస్తకం. దాని అట్ట మీద ఒక తెల్లపిల్ల జడకి రిబ్బను కట్టుకుని నవ్వుతూ ఉంటుంది. చిన్నప్పుడు దాని మూతికి నేను పెన్సిలుతో పెట్టిన మీసం కూడా అలాగే ఉంది.

మా నాన్న పేరాక్‌లో ఒక రబ్బరు ఎస్టేటులో పెద్ద కిరాణి, అంటే ఆఫీసు గుమాస్తా. మా తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చి, రబ్బరు చెట్లు గీసి నాన్నకి ఇంగ్లీషు చదువు చెప్పించాడు. నాన్న ఆ ఇంగ్లీషుతో కిరాణి అయ్యాడు. అయిన మర్నాటినుంచి కూలీల వరస ఇళ్ళలో ఉండే మా చుట్టాల వైపు చూడటం మానేశాడు. వాళ్ళవి నేల మీది ఇళ్ళు, మాది దిమ్మెల మీద కట్టిన కిరాణి ఇల్లు. ఆ నాలుగడుగుల ఎత్తూ ఆయన తలకెక్కింది. దొర తుమ్మితే ఈయన జేబురుమాలు తీసేవాడు. తెల్లవారుజామున కూలీల హాజరుకి, ఎండ లేకపోయినా సరే, బెండు టోపీ పెట్టుకుని వెళ్ళేవాడు. దొర కారు కనపడగానే దాన్ని తీసి చంకలో పెట్టుకునేవాడు. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని, అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి మరీ అడిగేది: "ఒరే అప్పన్నా, ఆ టోపీ బుర్రకి కొన్నావా, సంకకి కొన్నావా?"

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, తెల్లవాళ్ళ సర్కారుకీ కమ్యూనిస్టులకీ పోరు నడుస్తోంది. అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఉన్నారని ఎస్టేటులో ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దుగూకితే కంచె దాటకూడదు. బియ్యం మనిషికింతని కొలిచి ఇచ్చేవారు. ఒక్క గింజ గేటు దాటినా అది అడవికే పోతుందని అనుమానం. పనిలోకి వెళ్ళే ఆడవాళ్ళు గిన్నెల మూతలు తీసి చూపించి మరీ వెళ్ళాలి. ఆ కాలంలోనే పాత దొర కారు మీద కాల్పులు జరిగాయి. ఆయనకేమీ కాలేదు గానీ దొరసాని దొరికిన మొదటి ఓడలో వాళ్ళ దేశం వెళ్ళిపోయింది, వెనకాలే ఆయనా పోయాడు. తరవాత వచ్చిన కుర్ర దొర, బంగళా ముందుగదిలో కాపలావాళ్ళకి చోటు కావాలి, దొరసాని వదిలేసిన ఆ పియానో తీసి పారెయ్యండి అన్నాడు. పారెయ్యమన్నదాన్ని మా నాన్న రెండు చేతులూ జోడించి అడిగి తెచ్చుకున్నాడు.

రబ్బరు షీట్లు మోసే లారీ మీద అది బంగళా గేటు దాకా వచ్చింది. గేటు దగ్గర మలాయ్ కాపలావాడు ఆపాడు. బస్తాల్లో బియ్యం ఉందేమో పొడిచి చూడటానికి వాళ్ళ దగ్గర ఇనపచువ్వ ఒకటి ఉండేది. అంత పెద్ద పెట్టె చూసేసరికి వాడికి అనుమానం వచ్చింది, "అపా దలమ్?" అన్నాడు, లోపలేముంది అని. మా నాన్న టోపీ చంకలో పెట్టుకుని, "మ్యూజిక్, ఎన్చే, మ్యూజిక్" అన్నాడు, వాణ్ణి అయ్యా అని పిలుస్తూ. వాడు పైమూత ఎత్తి, చువ్వని లోపలికి నాలుగుసార్లు దింపాడు. లోపలినుంచి వచ్చిన కేకలకి వాడే జడిసి వెనక్కి జరిగాడు. బియ్యం దొరకలేదు. జపాను వాళ్ళ కాలాన్నీ వానల్నీ తట్టుకుని నిలబడ్డ ఆ వాయిద్యంలో తొమ్మిది మెట్లు మాత్రం ఆ రోజుతో మూగబోయాయి. నొక్కితే కిందికి పోయేవి, పైకి లేచేవి, చప్పుడు ఉండేది కాదు. ఇంత చేసినవాడికి మా నాన్న థాంక్యూ చెప్పి వచ్చాడు. ఊళ్ళో ఒక చైనా ముసలాయన ఇలాంటివి బాగుచేస్తాడని తెలిసి కబురు పెడితే, ఆ రోడ్డు మీదికి ప్రాణం పోయినా రానన్నాడు. మా అందరిలోకీ బుద్ధిమంతుడు ఆయనే.

ముందుగదిలో సగం పియానోకే సరిపోయింది. నాన్న దాని మీద లేసుగుడ్డ పరిచి, దొరతో ఆఫీసువాళ్ళంతా దిగిన ఫోటో పెట్టాడు. నాయనమ్మ మొదటిరోజే దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. రెండోరోజు కిటికీ ఎండ సరిగ్గా దాని మీద పడుతోందని కనిపెట్టి, ఫోటో పక్కకి జరిపి మిరపకాయలు ఆరబోసింది. అమ్మ చెద పట్టకుండా వారానికోసారి కిరసనాయిలు గుడ్డతో కాళ్ళు తుడిచేది. పులిసిన రబ్బరు పాల కంపు, పొగగదినుంచి వచ్చే పొగ, కిరసనాయిలు, చుట్ట, ఎండుమిరప. నా సంగీతం వాసన ఇదీ. మైనం వాసన అని ఎవరైనా అంటే నాకు నవ్వు రాదా మరి.

నాకు చెప్పడానికి దొరికిన గురువు ఎస్టేటు ఆసుపత్రి డ్రెస్సరుగారి భార్య జ్ఞానమ్మ టీచరు. జాఫ్నా తమిళులు, చర్చిలో హార్మోనియం వాయించేది. అప్పలనరసమ్మ అన్న నా పేరు ఆవిడ నోటికి పెద్దదైపోయి నన్ను నాన్సీ అని పిలిచింది. మా నాన్న మురిసిపోయి ఆ పేరే ఖాయం చేశాడు. సింహాద్రి అప్పన్న పేరు అలా ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టుకుపోయింది. ఆవిడ పుస్తకం తెరిచి స్వరాలు రాసే అయిదు గీతలూ, వాటి మీద నల్లటి స్వరాల గుర్తులూ చూపించింది. మా కంచెకీ అయిదు తీగలే. నాయనమ్మ వంగి చూసి, "ఏటే గుంటా, కంచె మీద సీమలు పాకతన్నాయి?" అంది. ఆ చీమల్లో ఏది ఏ మెట్టో, ఏది ఎంతసేపు నిలవాలో నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. చీమ సరిగ్గా మూగ మెట్టు మీద వాలినప్పుడు ఏం చెయ్యాలన్నది మరో సమస్య. వదిలేస్తే జ్ఞానమ్మ టీచరు స్కేలు ఎత్తేది. "నోట్ విడాదే. వాయాల పాడు," అనేది. స్వరాన్ని వదలకు, నోటితో పాడు. దేవుడు రాయించిన స్వరాన్ని వదిలేయడానికి నువ్వెవరు అని ఆవిడ సిద్ధాంతం. అలా మూగ మెట్టు వచ్చినచోటల్లా నేను వేలు పైకెత్తి, ఆ ఒక్క స్వరం నోటితో అందుకుని, మళ్ళీ వేళ్ళతో సాగేదాన్ని. మర్చిపోకుండా నాన్న ఎర్ర పెన్సిలుతో అలాంటి ప్రతి చీమ నెత్తినా ఇంటూ గుర్తు పెట్టేవాడు.

సాయంత్రం అయిదింటికి ఆఫీసునుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెన్సిలు చెవిలో పెట్టుకుని నా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. మెట్టు మీద చెయ్యి వేసేవాడు కాదు. ఒకసారి, "నర్సమ్మా, ఇది మా రిజిస్టరు లాగే ఉందే. చీమ పైకెళ్తే గొంతు పైకి, కిందికొస్తే కిందికి," అన్నాడు ఏదో కనిపెట్టినవాడిలా. అది తెలుసుకోవడానికి అంత మొహం వెలగాలా అనుకున్నాను. నాకప్పుడు పదేళ్ళు, ఆయన్ని చిన్నచూపు చూడటం అప్పటికే బాగా వచ్చేసింది.

ఇంత తంతూ ఒక్క సీటు కోసం. ఎస్టేటు బడిలో తమిళం, అదీ ఆరో క్లాసు దాకా. ఆపైన చదవాలంటే ఇపోలో కాన్వెంటు. రోజూ ఆ రోడ్డు మీద వెళ్ళిరావడం ఆ రోజుల్లో కుదిరే పని కాదు, హాస్టల్లో ఉండాలి. హాస్టల్లో ఎస్టేటు పిల్లలకి చోటు దొరకడం కష్టం. పియానో వచ్చిన అమ్మాయికైతే ఒక చోటు ఉంటుందని, ప్రార్థనలకి వాయించేవాళ్ళు కావాలని జ్ఞానమ్మ టీచరు చెప్పింది. దొరక్కపోతే ఆరో క్లాసుతో సరి, ఆపైన అమ్మ పక్కన వంటింట్లో కూర్చోవాలి. ఆ సీటు నాకూ కావాలి. నాన్నకి గొప్ప కోసం కావాలి, నాకు ఆయనకి దూరంగా ఉండటం కోసం కావాలి.

పరీక్ష రోజున నాన్న టై కట్టాడు. లారీలో, ముందో పోలీసు బండి వెనకో పోలీసు బండి పెట్టుకుని ఇపో వెళ్ళాం. కాన్వెంటు హాల్లో పియానో నల్లగా మెరుస్తోంది. మదర్ పొడుగ్గా, రొంప పట్టిన ముక్కుతో కూర్చుని ఉంది. నేను నా పుస్తకమే తెరిచిపెట్టుకుని, బాగా వచ్చిన పాఠం మొదలుపెట్టాను. రెండో వరసలో ఎర్ర గుర్తు వచ్చింది. వేలెత్తాను, పాడాను, మళ్ళీ వాయించాను. ఇంకోటి వచ్చింది, పాడాను. ఇది వేరే పియానో అనీ, దీని మెట్లన్నిటికీ గొంతు ఉందనీ నా బుర్రకి తట్టనే లేదు. మదర్ చెయ్యెత్తి ఆపి, ఎందుకు పాడుతున్నావు అని ఇంగ్లీషులో అడిగింది. నేను నాన్న వైపు చూశాను. గుమ్మం దగ్గర టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డ మా నాన్న గొంతు సవరించుకుని, "మదర్, ఇది మా తెలుగు పద్ధతి. కొన్ని స్వరాలు చేత్తో, కొన్ని నోటితో. మా పూర్వులనుంచీ అంతే," అన్నాడు.

నేల చీలి నన్ను మింగెయ్యకూడదా అనిపించింది. మదర్ ముక్కు తుడుచుకుని, ఈసారి పాడకుండా వాయించమంది. వాయించలేకపోయాను. ఎర్ర గుర్తు వచ్చేసరికి వేలు దానంతటదే లేచి గాలిలో ఆగిపోయేది. ఆ మెట్ల దగ్గరికి వెళ్ళడం దానికి ఎవరూ నేర్పలేదు. మూడుసార్లు చూసి ఆవిడ మూత వేసేసింది. ఈ పిల్లకి పియానో రాదు, కానీ గొంతు మాత్రం మెట్టు ఎక్కడుండాలో సరిగ్గా అక్కడ పడుతోంది, పాటల గుంపులోకి తీసుకుంటాను, హాస్టల్లో ఉండవచ్చు అంది. నాన్న ఆఖరి ముక్క ఒక్కటే విన్నాడు. తిరుగు దారంతా లారీలో ఎగిరెగిరి పడుతూ, "చూసినావా, పియానో పనికొచ్చింది," అన్నాడు.

ఎస్టేటుకి వెళ్ళి తన కూతురు కాన్వెంటులో పియానో వాయిస్తుందని కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. ఆ ఏడే మెర్డేకా వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం, మా బడి మైదానంలో కొత్త జెండా, కొత్త జాతీయగీతం. నెల రోజులు మా చేత పాడించారు. దొరల జెండా దిగుతుంటే మా నాన్న ఏ మొహంతో చూస్తాడా అని నాకు కుతూహలంగా ఉండేది. ఆయన ఏ ఇబ్బందీ లేకుండా కొత్త జెండాకి కూడా టోపీ తీశాడు. కోటు వేసుకుని, డ్రెస్సరుగారినీ జ్ఞానమ్మ టీచర్నీ వెంటబెట్టుకుని, నా వాయింపు చూపించడానికి వచ్చాడు. వేదిక మీద పియానో ముందు ఒక చైనా అమ్మాయి కూర్చుంది. నేను రెండో వరసలో, నలభైమంది తెల్ల గౌన్లలో ఒకదాన్ని. ఆయన కళ్ళు పియానో దగ్గర ఆగి, వరసల్లో వెతికి, నన్ను పట్టుకున్నాయి. ఆ మొహం నాకిప్పటికీ గుర్తే. పాట అయ్యాక జ్ఞానమ్మ టీచరు నా భుజం తట్టి, "వాయాల పాడు అని నాన్ దానే సొన్నేన్," అంది. నోటితో పాడమన్నది నేనే కదా అని. డ్రెస్సరుగారు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

సెలవులకి ఇంటికి వెళ్ళేటప్పటికి నేను ఎస్టేటుని ముక్కు మూసుకుని చూసే దశకి వచ్చాను. చుట్ట కంపు, మిరపకాయలు, ఆ బొట్టు పెట్టిన పియానో, అన్నీ చిరాకే. కాన్వెంటులో ఆరు నెలలు ఉండి నేనూ నా వంతు నాలుగడుగులు ఎక్కాను మరి. ఒక సాయంత్రం డ్రెస్సరుగారు, టీచరు కాఫీకి వచ్చి కూర్చున్నారు. నాన్న ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఇంగ్లీషు లేదు, కిరాణి దర్జా లేదు, నాయనమ్మ మాటలోకి దిగిపోయాడు. "నర్సమ్మా, సీమ పక్కన సిన్న సుక్క ఉంటే ఏటి సెయ్యాలమ్మా?" అన్నాడు. పక్కన చుక్క ఉంటే ఆ స్వరాన్ని ఒకటిన్నర రెట్లు నిలపాలి. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నేను చెప్పలేదు. "నీకెందుకు నాన్నా అవన్నీ? దొర ముందు టోపీ తియ్యడానికి పియానో రానక్కర్లేదుగా," అన్నాను, అందరూ వినేలా. డ్రెస్సరుగారు కాఫీ గ్లాసులోకి చూశారు. నాన్న పుస్తకం మూసి, "అదీ నిజమేలే," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు నేను చాలాకాలం గర్వపడ్డాను. హాస్టల్లో చెప్పి నవ్వించాను కూడా.

తరవాత ఎప్పుడో అమ్మ, "సాయంత్రం మీ నాన ఒక్కడూ కూకుని పాడుకుంతన్నాడే," అంటే, వయసు మీద పడి భక్తి ముదిరిందనుకున్నాను. నాన్న పోయాడు. పియానోలో చెద మేసినంత మేయగా మిగిలిన కర్రని తమ్ముడు వేణ్ణీళ్ళ పొయ్యిలో పెట్టాడు. నేను చదువుకుని టీచర్నయ్యాను, నాన్సీ టీచరు. జీవితమంతా పిల్లలకి వెటకారంగానే పాఠాలు చెప్పాను, అది నా ప్రత్యేకత అనేవారు.

నేను నేర్చుకున్నది ఆ పుస్తకంలో పద్నాలుగో పేజీ దాకానే. ఆపైన నాకు తెలిసి ఎవరూ తిరగెయ్యలేదు. మందు కొట్టిన రోజు, వాసన పోయేదాకా వరండాలో కూర్చోవాలి కదా అని పదిహేనో పేజీ తీశాను. ఎర్ర ఇంటూ గుర్తులు ఉన్నాయి. పదహారులో ఉన్నాయి. వాటి కింద సన్నటి తెలుగు అక్షరాలు, రిజిస్టరు రాసే దస్తూరి. బొటనవేలు. ఇక్కడ నిదానం. ఎడమచెయ్యి తొందరపడరాదు. పదిహేడో పేజీలో ఒకచోట, నర్సమ్మ వస్తే అడగాలి. పద్దెనిమిదిలో రెండుచోట్ల, నర్సమ్మ వస్తే అడగాలి. పంతొమ్మిదిలో చుక్క పెట్టిన చీమ పక్కన, నర్సమ్మ వస్తే అడగాలి. ఆ తరవాత ఆ మాట పుస్తకంలో మరెక్కడా లేదు. ఇరవైమూడో పేజీలో చుక్క పక్కన, ఒకటిన్నర, సరిపోయింది అని ఉంది. ఎన్నాళ్ళు తంటాలు పడి అది తేల్చుకున్నాడో నాకు తెలియదు. ఎర్ర గుర్తులు మాత్రం ఆఖరి పేజీ ఆఖరి వరస దాకా ఉన్నాయి. దొర లేడు, మదర్ లేదు, చూపించుకోవడానికి కూతురు కూడా లేదు. మరి ఆయన ఎవరి కోసం వాయించినట్టు? అంతా గొప్ప కోసమనే కదా నేను ఇంతకాలం ఎగతాళి చేసింది. సిగ్గుపడాల్సింది అరవై ఏడేళ్ళ క్రితం, నేను పోయిన నెల పడ్డాను.

కిందటి వారం సైబర్‌జయలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మనవరాలు తార కరెంటు పియానో నేర్చుకుంటోంది. చెవులకి గొట్టాలు పెట్టుకుంటుంది, వాయించేది తనకి తప్ప పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడదు. ఏ మెట్టు నొక్కాలో తెర మీద దీపం వెలుగుతుంది, నొక్కితే నక్షత్రాలు ఇస్తుంది. చీమల్ని చదవడం దానికి రాదు, అవసరం లేదట. మా రోజుల్లో ప్రతి స్వరం వెనకా ఒక స్కేలు ఉండేది, ఇప్పుడు నక్షత్రం ఉంది, సంగీతం అప్పుడూ అంతంతమాత్రమే, ఇప్పుడూ అంతే. ఆ గొట్టాలు పీకమని, నా పుస్తకం నిలబెట్టి, ఆఖరి పేజీ తీశాను. నాకు రాని పేజీ. వేళ్ళు వంగవు, కళ్ళద్దాలు జారతాయి. ఎడమచెయ్యి తొందరపడరాదు అన్నచోట తొందరపడలేదు. ఎర్ర గుర్తు దగ్గరికి వచ్చేసరికి వేలు లేచింది, పాడాను.

"అమ్మమ్మా, ఆ కీ బాగానే ఉంది లా. ప్రెస్ సేస్తే వస్తాది," అని తార నా చెయ్యి పక్కనుంచి నొక్కి చూపించింది. ఆ మెట్టు పలికినదానికి నా గొంతు బాగా కిందుగా ఉంది.

"తెలుసమ్మా," అన్నాను. తరవాతి గుర్తు దగ్గర మళ్ళీ వేలెత్తి పాడాను.